ఉప్పెన ఖాతాలో పొలం

దివిసీమలో ఏది పోయినా ఉప్పెన ఖాతాలో రాసేస్తారు. గోడ బీటలిస్తే ఉప్పెన. నుయ్యి ఉప్పగిల్లితే ఉప్పెన. ముసలాయనకి మతిమరుపొస్తే ఆ రోజు చూసిన శవాల వల్ల, పిల్లకి సంబంధం కుదరకపోతే ఆ ఏడు పుట్టినందువల్ల. డెబ్భై ఏడు కార్తీకంలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి వెళ్ళిపోయింది. అది తీసుకుపోయినవాళ్ళు తక్కువమందేం కాదు. కానీ అది తీసుకుపోనివి కూడా దాని నెత్తినే రుద్దడం ఈ గడ్డ మీద అలవాటైపోయింది. సముద్రం ఎదురు చెప్పదు కదా.

బుల్లెమ్మ కూడా ఈ గడ్డ మనిషే. నాగాయలంక దాటి ఇంకా కిందికి వెళ్తే వచ్చే చిన్న ఊళ్ళో, కాలవ చిట్టచివర, ఆవిడకి ఎకరంన్నర పొలం ఉంది. తండ్రి పోతూ పోతూ పసుపు కుంకుమల కింద ఇచ్చిన ముక్క. ఎగువ ముక్క తమ్ముడు సాంబశివరావుది. మొగుడు అప్పయ్య ఉప్పెన నాడు పశువుల పలుపులు విప్పడానికి పొలంలో పాకకి వెళ్ళి మళ్ళీ రాలేదు. పిల్లల్లేరు. అప్పటినుంచి ఆవిడ చేసిన పనులు రెండే. పొలం చూసుకోవడం, సముద్రాన్ని తిట్టడం.

ఆ తిట్లు ఊరందరికీ తెలుసు. పొద్దున్నే మొహం కడుక్కుని తూర్పుకి తిరిగి సూర్యుడికి దణ్ణం పెడుతుంది. పెట్టిన చేతులు దించకుండానే అటు నుంచే వచ్చే సముద్రపు గాలిని తిట్టిపోస్తుంది. "మొగుణ్ణి మింగావు, అది చాలక పొలాన్ని కూడా మింగావు కదే! నీ కడుపు మండిపోనూ!" అని. చుట్టుపక్కల పిల్లలు నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు కాదు.

పొలం నిజంగానే పోయింది. ఉప్పెన తర్వాత ఒకటి రెండేళ్ళు గడ్డి కూడా మొలవలేదు. తర్వాత కాలవ నీళ్ళు బాగా పారించి, ఉప్పుని కడిగి కడిగి, మళ్ళీ బంగారంలా పండించుకుంది. నాలుగైదేళ్ళు గాదె నిండింది. ఆ తర్వాత దిగుబడి కొంచెం తగ్గింది. మరుసటేడు ఇంకొంచెం. నారు ఎర్రబడడం, కంకులు తాలుపోవడం, గట్ల వెంబడి తెల్లటి పొడి తేలడం. ఊళ్ళో పెద్దలు వచ్చి చూసి, మట్టి వేలితో నాలిక మీద వేసుకుని, "ఉప్పెన ఉప్పే. లోపల దాక్కున్నది మళ్ళీ పైకొచ్చిందమ్మా" అని తేల్చేశారు. ఇప్పుడా పొలం చౌడు. వాన పడి ఎండ కాస్తే సున్నం కొట్టినట్టు మెరుస్తుంది.

తమ్ముడు మాత్రం అక్కని కడుపులో పెట్టుకుని చూసుకున్నాడు. అది ఎవరైనా ఒప్పుకోవాలి. "ఆడదానివి, చీకట్లో నీళ్ళ కాపలాలు నీకెందుకక్కా, నీ వంతు కూడా నేనే చూస్తాలే" అని మొదటే ఆ బాధ్యత తలకెత్తుకున్నాడు. పొలం పండటం మానేశాక ఏటా కోతలు కాగానే ఆవిడ ఇంటికి బియ్యం పంపేవాడు. పండక్కి చీర. ఒంట్లో బాగాలేకపోతే అవనిగడ్డ ఆస్పత్రికి తనే తీసుకెళ్ళేవాడు. మరదలు ఇందిర ఎప్పుడన్నా మూతి ముడిచినా బుల్లెమ్మ పట్టించుకునేది కాదు. ఒకరి తిండి తింటున్నప్పుడు వాళ్ళ మూతి ఎటు తిరిగిందో చూడకూడదని ఆవిడ అనుకునేది. ఆ అనుకోవడం వెనక ఎంత కుంచించుకుపోయిందో ఆవిడకే తెలుసు.

రెండువేల ఒకటిలో, కాలవలు వదిలిన కొత్తల్లో, సాంబశివరావు ఇంకో మాట తెచ్చాడు. గుడివాడ నుంచి ధనుంజయరావుగారని ఒకాయన రొయ్యల చెరువుల కోసం చూస్తున్నాడట. ఎగువ ముక్క, దిగువ ముక్క కలిపి ఇస్తే తీసుకుంటాట్ట. తవ్వే మెషీన్ కూడా ఆయనదే.

"చచ్చిన పొలమే కదక్కా. దాంట్లో ఉప్పునీళ్ళు పెడితే దానికి కొత్తగా వచ్చే నష్టమేముంది?" అన్నాడు.

ఒకసారి ఏటి ఉప్పునీళ్ళు నింపితే ఇక అది ఎప్పటికీ పొలం కాదని బుల్లెమ్మకి తెలుసు. ఒక రోజంతా అన్నం ముట్టలేదు. మర్నాడు సరేనంది. ఆదివారం పొద్దున్నే తవ్వకం మొదలుపెట్టాలని, ముసురు పట్టకముందే చెరువు తయారవ్వాలని నిర్ణయించారు.

శనివారం అందరూ బందరు వెళ్ళారు. సాంబశివరావు కూతురు వందన పూనాలో నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. తను చదువుకున్న బందరు కాలేజీవాళ్ళు పిలిచి ఉపన్యాసం పెట్టించారు. ఉప్పెన వచ్చిన నాడు ఆ పిల్ల నెలల గుడ్డు. మెడలోతు నీళ్ళలో ఆ గుడ్డుని నెత్తిన పెట్టుకుని దూలం పట్టుకున్నది బుల్లెమ్మే. అందుకని ఆ పిల్ల ఏం మాట్లాడినా, అర్థమైనా కాకపోయినా, వినడానికి తనకి హక్కుందని ఆవిడ నమ్మకం. తమ్ముడి కారెక్కి, ముందు వరసలో తమ్ముడి పక్కన కూర్చుంది.

వందన పెడన అద్దకం చీర కట్టుకుని వేదికెక్కింది.

"గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపు అనుకుంటాం. అది సగం మాటేనండీ. నక్షత్రాలు పంట. ఆ పంట పండాలంటే వాయువు కావాలి, ముఖ్యంగా హైడ్రోజన్. అది బయట చీకట్లోంచి పలచగా, నెమ్మదిగా గెలాక్సీలోకి వస్తూ ఉంటుంది. చల్లారి, ముద్దకట్టి, నక్షత్రమవుతుంది. మన పాలపుంతలో ఇప్పుడున్న వాయువొక్కటే దిక్కైతే, ఇప్పుడు వాడుతున్న లెక్కన అది ఎంతో కాలం రాదు. పాలపుంత వయసు చూస్తే ఎప్పుడో అయిపోయి ఉండాలి. అవలేదంటే బయటినుంచి వస్తూనే ఉందన్నమాట."

బుల్లెమ్మ తమ్ముడి వైపు తిరిగి, "పంట అంటుంది చూశావా" అని మోచేత్తో పొడిచింది. అతను మురిసిపోతూ తలూపాడు.

"నక్షత్రం ఊరికే వెలగదు. లోపల వండుతుంది. కార్బన్, ఆక్సిజన్, ఇనుము. మన రక్తంలో ఇనుము అట్లా వండిందే. చచ్చిపోయేటప్పుడు ఆ వండినదంతా చుట్టూ ఉన్న వాయువులో కలిపి పోతుంది. తర్వాత పుట్టేవాటిలో అవి కొంచెం ఎక్కువుంటాయి. హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ మా భాషలో లోహాలే. ఆక్సిజన్ కూడా. కెమిస్ట్రీ మాస్టార్లు నన్ను క్షమించాలి."

హాల్లో నవ్వులు. వెనక వరసలో ఒక ముసలి మాస్టారు చెయ్యెత్తి క్షమించానన్నాడు.

"బయటినుంచి వచ్చే వాయువులో లోహం తక్కువ. అది వచ్చి కలుస్తూ ఉంటే లోపలిది పలచబడుతూ ఉంటుంది. ఇక నక్షత్రం సంగతి. పుట్టినప్పుడు ఎట్లాంటి వాయువులోంచి పుట్టిందో, ఆ గుర్తుని అది దాదాపు కడదాకా పైనే మోస్తుంది. దాని వెలుగుని ఇంద్రధనుస్సులా విడదీస్తే సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. అవి చూసి, అది పుట్టిన రోజుల్లో లోపల లోహం ఎంతుండేదో చెప్పొచ్చు. నేను చూస్తున్నవి చచ్చిపోయిన గెలాక్సీలు. అంటే, కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోయినవి. నా ప్రశ్న ఒక్కటే. అవి ఎట్లా చచ్చిపోయాయి?"

మంచినీళ్ళ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది.

"మాది దివిసీమ. కాబట్టి మా ఊరి మాటల్లో చెప్తాను. పొలం చావడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఉప్పెన. గెలాక్సీలు పెద్ద గుంపులో పడి దూసుకుపోయేటప్పుడు, అక్కడి వేడి గాలి తగిలి, వాటిలో ఉన్న వాయువంతా ఊడ్చుకుపోతుంది. ఒక్క దెబ్బ, అంతే."

బుల్లెమ్మ పక్కన తమ్ముడు కదలకుండా వింటున్నాడు.

"రెండోది, పైన ఎక్కడో కాలవ కట్టెయ్యడం. ఉన్న వాయువు ఉంటుంది. నక్షత్రాలు పుడుతూనే ఉంటాయి. దూరాన్నుంచి చూస్తే ఏ లోటూ కనపడదు. కానీ పలచన చెయ్యడానికి కొత్తది రావడం లేదు కదా. పుట్టే ప్రతి తరంతోనూ లోహం చిక్కబడుతుంది. ఉన్నది తరుగుతూ, చిక్కబడుతూ, చివరికి ఆరిపోతుంది. ఉప్పెనలో పోయినదానికి అట్లా చిక్కబడే వ్యవధి ఉండదు. కాబట్టి నక్షత్రాల్లో లోహం చూస్తే తెలిసిపోతుంది, ఏది ఏ దారిన పోయిందో."

అప్పుడు సాంబశివరావు లేచాడు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, వంగి, నలుగురికీ అడ్డం రాకుండా బయటికి వెళ్ళిపోయాడు.

"నేను చూసినవాటిల్లో ఎక్కువ భాగం ఉప్పెనలో పోయినవి కావు" అంది వందన. "నాకంటే పెద్దవాళ్ళు చాలామంది ఇంకా ఒప్పుకోవట్లేదు. వాళ్ళ మాట కూడా తేలిగ్గా తీసెయ్యలేం. ఇంకా చూడాల్సింది చాలా ఉంది."

ప్రశ్నలడగమన్నారు. స్టూడెంట్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. బుల్లెమ్మ లేచి నిలబడింది.

"కాలవ కట్టేసినట్టు పొలానికి ఎప్పుడు తెలుస్తుందే అమ్మాయ్?"

హాలు గొల్లుమంది. వందన కూడా నవ్వి, తర్వాత నవ్వు ఆపింది.

"తెలియదత్తా. ఉన్నన్నాళ్ళూ పండుతూనే ఉంటుంది. తెలిసేసరికి బాగా ఆలస్యమైపోతుంది."

"మళ్ళీ వదిలితే?"

"అట్లాంటిది ఒకటి చూశాను. మధ్యలో అన్నీ పాతవి, ఎర్రగా. అంచున చుట్టూతా నీలంగా కొత్తవి. వాటిలో లోహం తక్కువ. ఎక్కణ్ణుంచో మళ్ళీ వాయువొచ్చింది. చచ్చిందనుకున్నది లేచింది. పాతవి మాత్రం మారవత్తా. వాటి మీద గుర్తు అట్లాగే ఉండిపోతుంది."

బుల్లెమ్మ కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. చుట్టూ చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ కొట్టడం మర్చిపోయింది.

తిరుగు దారిలో కారులో సాంబశివరావు ఆగకుండా మాట్లాడాడు. పిల్ల బాగా చెప్పిందన్నాడు, ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడన్నాడు, చల్లపల్లిలో ఆగి టీ తాగుదామన్నాడు. "ఉప్పెన సంగతి ఎత్తేసరికి తట్టుకోలేకపోయానక్కా. బావ గుర్తొచ్చాడు. లేచి వెళ్ళిపోయా" అన్నాడు.

బుల్లెమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. తమ్ముడు లేచింది ఉప్పెన మాట దగ్గర కాదు. ఉప్పెన మాట అయిపోయిందాకా రాయిలా కూర్చున్నాడు. లేచింది కాలవ దగ్గర. ఈ ఆలోచన వచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే అసహ్యమేసింది. అన్నం పెట్టిన చేతిని అనుమానించడానికి ఎంత నీచమైన బుద్ధి ఉండాలి! కాలవ గట్టున కొబ్బరిచెట్లు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి. అన్నీ నున్నగా, కింద నుంచి పైదాకా ఒకే లావున ఉన్నాయి.

తెల్లవారుతూనే వెళ్ళి వందనని లేపింది. "పొలానికి రావే. తవ్వేసేలోపు ఒకసారి చూద్దువుగాని." పిల్ల కళ్ళు నులుముకుంటూ వెంట నడిచింది.

పొలం గట్టున ఒకే ఒక కొబ్బరిచెట్టు ఉంది. పెళ్ళయిన కొత్తలో అప్పయ్య పాతింది. ఉప్పెనకి అన్నీ కొట్టుకుపోయినా అదొక్కటీ నిలబడింది. ఇప్పుడు దాని తల రోకలంత సన్నం, నాలుగు మట్టలు, రెండు పిందెలు. ఎవరొచ్చినా తల ఎత్తి ఆ మొవ్వు చూసి, "ఉప్పెన దెబ్బ" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఇన్నేళ్ళూ బుల్లెమ్మ కూడా ఆ మొవ్వే చూసింది. ఇవాళ మాను చూసింది.

"కొబ్బరిమాను తర్వాత లావెక్కదే వందనా. ఏ ఏడు ఎంత లావున లేస్తే ఆ ముక్క అంతే. చూడు" అని చేత్తో తడుముతూ చూపించింది. కింద మనిషెత్తు దాకా పుష్టిగా ఉంది. ఆ పైన, చెయ్యెత్తితే అందే చోట, ఎవరో నొక్కి పట్టినట్టు ఒక జానెడు మేర నొక్కుపడి ఉంది. "ఇదీ ఉప్పెన." దాని పైన మాను మళ్ళీ విచ్చుకుంది, కింద ఎంత లావుందో అంత. మట్టలు ఊడిన గీతలు దూరం దూరంగా, హాయిగా. "ఇది కోలుకున్న రోజులు. మన గాదె నిండిన రోజులు." అక్కణ్ణుంచి పైకి, నొక్కు ఏమీ లేకుండా, ఎక్కడ మొదలైందో చెప్పలేనంత నెమ్మదిగా, మాను సన్నబడుతూ పోయింది. గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఇరుకైపోయాయి. "ఇది ఏంటి?"

వందన తలెత్తి ఆ గీతల వెంబడి మొవ్వుదాకా చూసింది.

"అత్తా, గెలాక్సీ మాటలు పొలానికి పట్టుకురాకు" అంది. "ఒక్క చెట్టు చూసి ఏదీ చెప్పకూడదు. పురుగు పట్టి ఉండొచ్చు. వానలు తగ్గి ఉండొచ్చు."

"మరి ఏం చూడాలి?"

పిల్ల జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు. కానీ అబద్ధం చెప్పడం దానికి చాతకాదు. తల వంచుకుని, "నీళ్ళు వచ్చే చోటు చూడాలి" అంది.

నీళ్ళు వచ్చే చోటు తమ్ముడి చెరువుగట్టు. ఉప్పెన తర్వాత అయిదో ఏడో, వందనని బళ్ళో వేసిన ఏడు, సాంబశివరావు ఎగువ పొలంలో సగం తవ్వి చేపల చెరువు చేశాడు. దానికి కాపలా మనిషి, కుక్క, ముళ్ళకంప. ఆ వైపు వెళ్ళాల్సిన పని బుల్లెమ్మకి ఎన్నడూ పడలేదు. నీళ్ళు తక్కువొస్తే శివారు పొలాలకి అంతేగదా అనుకుంది. చుట్టుపక్కల అందరూ అదే అనుకుంటారు. తమ్ముణ్ణి అడగాలని తోచలేదు. తమ్ముణ్ణి అడగడమేంటి?

కంప తప్పించుకుని ఇద్దరూ గట్టెక్కారు. కాలవ నుంచి వచ్చే బోదె నిండుగా, ఎర్రనీళ్ళతో పరుగెడుతోంది. చెరువు దగ్గరికి రాగానే పెద్ద తూము నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళన్నీ అందులోకి దూకుతున్నాయి. బోదె అక్కడితో ఆగింది. అడ్డంగా సిమెంటు గోడ. బుల్లెమ్మ పొలం వైపు వెళ్ళడానికి గోడలో ఒక గొట్టం ఉంది. మోచెయ్యంత లావు. అదీ అడుగున కాదు, పైన. చెరువు నిండి, బోదె పొంగితే గానీ చుక్క అందులోకి ఎక్కదు. సిమెంటు నల్లబడి, పాకుడు పట్టి, దాని పగుళ్ళలో ఒక తుమ్మ మొలిచి చెట్టయింది. ఆ చెట్టుని చూస్తే గోడ ఎన్నేళ్ళదో వందనకి కూడా తెలిసిపోయింది.

"అత్తా..." అని చెయ్యి పట్టుకుంది.

బుల్లెమ్మ చెయ్యి విడిపించుకోలేదు. ఆ గొట్టం వైపే చూస్తూ ఉండిపోయింది. తను తిన్న ప్రతి ముద్దా గుర్తొచ్చింది. ఇందిర మూతి ముడిచినప్పుడు తను నేల చూపులు చూసిన ప్రతిసారీ గుర్తొచ్చింది. ఏడుపు రాలేదు.

అప్పటికే దారి మీద చప్పుడు. ట్రాలీ మీద పసుపుపచ్చ పొక్లెయిన్, ముందు మోటారు సైకిల్ మీద సాంబశివరావు. గట్టు మీద వీళ్ళిద్దర్నీ చూసి బండి ఆపాడు.

"అక్కా, ఇక్కడేం చేస్తున్నావు? జారుతుంది గట్టు" అంటూ వచ్చాడు. వచ్చాక ఆవిడ ఎటు చూస్తోందో చూశాడు.

"ఈ గొట్టం ఎవరు పెట్టారు రా?"

అతను కూతురి వైపు చూశాడు. కూతురు చూపు తిప్పుకోలేదు.

"ఒక్క వేసవి అనుకున్నానక్కా" అన్నాడు. "కొత్త చెరువు. చేపపిల్లల్ని పోసేశాం. కాలవలో నీళ్ళు చాలట్లేదు. వానలు పడగానే అడుగున పెద్ద గొట్టం వేయిద్దామనుకున్నా. అమ్మతోడు అనుకున్నా. ఆ ఏడు నీ పొలం బాగానే పండింది. మరుసటేడు కూడా పండింది. పండుతోంది కదా, తొందరేముందిలే అని..."

"తర్వాత తగ్గింది కదా."

"తగ్గాక ఊరంతా ఉప్పెన ఉప్పే అన్నారు. పెద్దవాళ్ళొచ్చి మట్టి చూసి మరీ అన్నారు. నేనూ అదే అనుకున్నానక్కా. నిజంగా నమ్మేశా."

"నమ్మితే నిన్న ఎందుకు లేచి వెళ్ళావు?"

యాభై ఏళ్ళ మనిషి, ఊళ్ళో నలుగురూ నమస్కారం పెట్టే మనిషి, ఆ గట్టు మీద చెప్పుల్లోంచి కాళ్ళు తీసి నిలబడ్డాడు. చెప్పులు ఎందుకు విడిచాడో అతనికే తెలియదు.

ట్రాలీ దిగిన మెషీన్ కింద బాట మీద ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి కేకేశాడు. "ఎక్కడ మొదలెట్టమంటారండీ?"

"ఇక్కడ" అంది బుల్లెమ్మ.

డ్రైవరుకి అర్థం కాలేదు. ఆవిడ వంగి సిమెంటు గోడ మీద అరచేత్తో చరిచింది. "ఈ గోడ తియ్యి. గొట్టం తియ్యి. ఇక్కణ్ణుంచి కిందిదాకా బోదె పూర్వం ఎంత ఉండేదో అంత తవ్వు. నా పొలం కాదు నువ్వు తవ్వాల్సింది."

"గుడివాడ అయ్యగారు చెరువు తవ్వమన్నారండీ" అంటూ డ్రైవరు సాంబశివరావు వైపు చూశాడు.

సాంబశివరావు తన చెరువు వైపు చూశాడు. బోదె తెగితే ముందు నీళ్ళు కిందికే వెళ్తాయి, ఆ మిగిలిందే తనకి. గుడివాడ పెద్దమనిషికిచ్చిన మాట పోతుంది. ఊళ్ళో ఈ పూటే పాకిపోతుంది, ఎవరు ఎవరి పొలాన్ని ఏం చేశారో. కూతురు ఇంకా అలాగే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. నిన్న వేదిక మీద నుంచి హాలంతా ఎంత శ్రద్ధగా చూసిందో అంతే శ్రద్ధగా ఇవాళ తండ్రిని చూస్తోంది. అతనికి దాన్ని మించిన శిక్ష లేదనిపించింది.

"తవ్వు" అన్నాడు.

బకెట్ గట్టులోకి దిగింది. తుమ్మచెట్టు వేళ్ళతో సహా పక్కకి ఒరిగింది. పాత సిమెంటు రెండు ముక్కలై లేచింది, గొట్టం అందులోనే ఇరుక్కుని వేలాడింది. నీళ్ళు ఒక్క క్షణం ఏ దారిన పోవాలో తెలియనట్టు సుడి తిరిగాయి. తర్వాత పల్లం దొరికింది. ఎండిపోయిన బోదెలో ఆకుల్నీ చెత్తనీ నెట్టుకుంటూ కిందికి కదిలాయి.

వందన గట్టు దిగి నీళ్ళ పక్కనే నాలుగడుగులు నడిచి, ఆగింది. "అత్తా, మళ్ళీ పండుతుందా?"

"ఈ ఏడు పండదు. వచ్చే ఏడు కూడా పండదు. కడగాలి, కడగాలి, ఉప్పు దిగాలి. పండుతుందిలే. అప్పటికి నేనుంటానో లేదో." ఈ మాట ఆవిడ మామూలుగానే అంది, వంటింట్లో ఇంకా ఎంతసేపు పడుతుందో చెప్పినట్టు. వందనకి కళ్ళనీళ్ళు ఆగలేదు. తండ్రి కోసమో అత్త కోసమో దానికీ తెలియలేదు.

సాంబశివరావు బోదెలోకి దిగాడు. తెల్లపంచె మోకాళ్ళదాకా బురదైంది. ఎక్కడో అడ్డం పడ్డ సిమెంటు పెళ్ళని రెండు చేతుల్తో తోసి, రొప్పుతూ నిలబడి, పైకి చూశాడు.

"ఏదో ఒకటి అనక్కా" అన్నాడు. "తిట్టు. కొట్టు. ఏదో ఒకటి."

బుల్లెమ్మ అతన్ని చూసింది. చిన్నప్పుడు ఇదే బోదెలో ఈతకి దిగి మునగబోతే తను జుట్టు పట్టుకుని లాగిన తమ్ముడు.

"ఇరవై ఏళ్ళకి పైగా సముద్రాన్ని తిట్టాను రా సాంబా. నా దగ్గరున్న తిట్లన్నీ దానికే పోసేశాను. నీకు మిగల్లేదు."

కాపలావాడి పార గట్టున పడి ఉంటే తీసి భుజాన వేసుకుంది. నీళ్ళకంటే ముందు పొలానికి చేరి గట్టు తెరవాలి. వెనక్కి చూడకుండా గబగబా నడిచింది.